యాక్టివేషన్ అంటే వైరస్ మళ్ళీ లేచిందని కాదు

ప్రశ్న: మూసాపేట నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 44, బరువు 62 కిలోలు, ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ పని. 2019లో హెచ్‌ఐవీ ఉందని తెలిసేనాటికి ఆయన సీడీ4 (రక్తంలో రక్షణ కణాల లెక్క) 186. హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లో మందులు మొదలయ్యాయి. 2021 నుంచి రోజుకో టీఎల్‌డీ మాత్ర (మూడు హెచ్‌ఐవీ మందులు కలిసినది) వేసుకుంటున్నారు. మొన్న జనవరిలో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో లెక్కపెట్టే పరీక్ష) 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని వచ్చింది, సీడీ4 540 ఉంది. భార్యకు హెచ్‌ఐవీ లేదు, ఈయన సంగతి ఆవిడకు తెలుసు. ఇంటర్ చదువుతున్న కూతురికి తెలియదు.

ఆగస్టు చివర్లో ఒక వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పారని, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే ల్యాబ్‌లో ఏడు వేలు పెట్టి 'ఇమ్యూన్ యాక్టివేషన్ ప్యానెల్' చేయించుకున్నారు. నియోప్టెరిన్ 14.2 (10 లోపు ఉండాలని రిపోర్టు), బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ 3.1 (2.4 లోపు), ఒంట్లో వాపును చూపే హెచ్‌ఎస్-సీఆర్‌పీ 6.8, సీడీ4కూ సీడీ8 అనే ఇంకో రకం రక్షణ కణాలకూ నిష్పత్తి 0.62, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3. అన్నీ ఎర్ర అక్షరాల్లో వచ్చాయి. 'యాక్టివేషన్' అన్న మాట చూసి వైరస్ మళ్ళీ లేచిందనుకుని ఆయన భార్య కూతురి గదిలో పడుకుంటోంది. అదే గ్రూపులో ఒకాయన, మూడు నెలలు మాత్ర ఆపి తాను పంపే పొడి వాడితే నియోప్టెరిన్ దిగిపోతుందని చెబుతున్నాడు. అలా చేయాలా, లేదా మాత్రలు రోజుకు రెండు వేసుకోవాలా, ఈ ప్యానెల్ మూడు నెలలకోసారి చేయించుకోవాలా అని ఆయన అడుగుతున్నారు. ఏఆర్‌టీ సెంటర్లో చూపిస్తే 'ఎవరు చేయించుకోమన్నారు' అని తిడతారేమోనని భయం.

ఉత్తరం మధ్యలో యథాలాపంగా ఇంకొన్ని సంగతులు రాశారు. జులై ఆఖర్లో వారం రోజులు జ్వరం, ప్లేట్‌లెట్లు 92 వేలకు పడిపోవడం. మే నెలలో నిజామాబాద్‌లో పెళ్ళికి వెళ్ళి మాత్రల డబ్బా ఇంట్లో మరిచిపోయి ఐదు రోజులు వేసుకోకపోవడం. నడుం నొప్పికి వారంలో నాలుగైదు సార్లు డైక్లోఫెనాక్ బిళ్ళ. బ్రష్ చేస్తే చిగుళ్ళ నుంచి రక్తం. రోజుకు ఎనిమిది సిగరెట్లు.

సమాధానం: ముందు ఆ మాట సంగతి తేల్చుకుందాం, మీ ఇంట్లో గొడవంతా దానివల్లే వచ్చింది. ఇమ్యూన్ యాక్టివేషన్ అన్నప్పుడు యాక్టివేట్ అయ్యేది వైరస్ కాదు, మీ రోగనిరోధక వ్యవస్థ. సిమ్ యాక్టివేట్ అయింది, ఆఫర్ యాక్టివేట్ అయింది అని రోజూ వినే చెవికి ఈ మాట వేరేగా వినపడటంలో మీ ఆవిడ తప్పేమీ లేదు. ఒంట్లో రక్షణ కణాలు ఎంత ఉద్రిక్తంగా ఉన్నాయో చెప్పే పరీక్షలివి. ఎవరిమీద ఉద్రిక్తంగా ఉన్నాయో ఇవి చెప్పవు.

నియోప్టెరిన్ ఎలా పుడుతుందో చూడండి. టీ కణాలకు (సీడీ4 లాంటి రక్షణ కణాలు) శత్రువు కనిపించగానే ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేతాన్ని వదులుతాయి. అది అందుకున్న మాక్రోఫేజ్‌లు అనే ఇంకో రకం రక్షణ కణాలు నియోప్టెరిన్ తయారుచేస్తాయి. అది రక్తంలోకి వచ్చి కిడ్నీల గుండా మూత్రంలో పోతుంది. శత్రువు హెచ్‌ఐవీ కావచ్చు, డెంగ్యూ కావచ్చు, టీబీ కావచ్చు, కీళ్ళవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బూ కావచ్చు. అంకె మాత్రం ఒకేలా పెరుగుతుంది. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ వేరే రకం. కేంద్రకం ఉన్న ప్రతి కణం పైపొరమీదా ఉండే చిన్న ప్రొటీన్ అది. కణాలు చురుగ్గా మారి త్వరత్వరగా పుట్టి చస్తున్నప్పుడు ఎక్కువగా రాలి రక్తంలో కలుస్తుంది. దాన్ని వడగట్టి, లోపలి నాళికల్లో అరిగించేసేవీ కిడ్నీలే. రెండింటికీ బయటికి దారి ఒకటే అన్నది గుర్తుపెట్టుకోండి, దీనితో కాసేపట్లో పని ఉంది.

ల్యాబ్ వాళ్ళు ఈ పరీక్షలను గాల్లోంచి పుట్టించలేదు. వైరల్ లోడ్ పరీక్ష లేని రోజుల్లో, అంటే 1980ల చివర, 1990ల మొదట్లో, ఎవరికి జబ్బు త్వరగా ముదురుతుందో అంచనా వేయడానికి సీడీ4తో పాటు ఈ రెండింటినీ నిజంగానే వాడారు. అప్పుడు మంచి మందులూ లేవు, వైరస్‌ను నేరుగా లెక్కపెట్టే దారీ లేదు. 1990ల మధ్యలో వైరల్ లోడ్ వచ్చాక ఇవి పరిశోధనలకే పరిమితమయ్యాయి. నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) మార్గదర్శకాల్లో గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో గానీ నియోప్టెరిన్ చూసి మందు మార్చమని లేదు. పరీక్ష అబద్ధం కాదు. మీ ప్రశ్నకు జవాబు చెప్పే పరీక్ష కాదు, అంతే. మందు పనిచేస్తోందా అన్నదానికి హెచ్‌ఐవీని పేరుపెట్టి వెతికే పరీక్ష వైరల్ లోడ్ ఒక్కటే.

మరి మీ అంకెలు ఎందుకు పెరిగాయి? మీ ఉత్తరంలోనే కనీసం నాలుగు కారణాలున్నాయి.

మొదటిది ఆ జ్వరం. డెంగ్యూ పరీక్ష చేశారో లేదో రాయలేదు గానీ, వారం జ్వరం, 92 వేల ప్లేట్‌లెట్లు అంటే ఏదో ఇన్ఫెక్షన్ గట్టిగానే తాకినట్టు. ఇలాంటి జ్వరాల్లో నియోప్టెరిన్ ఒక్కసారిగా ఎగబాకి, దిగడానికి వారాలు తీసుకుంటుంది. మీ రక్తం తీసినది జ్వరం తగ్గిన మూడు, నాలుగు వారాలకే. వానాకాలంలో హైదరాబాద్‌లో ఏ పదిమందికి ఈ పరీక్ష చేసినా కొందరికి ఎర్ర అక్షరాలు రావచ్చు.

రెండోది కిడ్నీ. అన్నిటికంటే దీన్నే జాగ్రత్తగా చూడాలి. మీ వయసు, బరువు, క్రియాటినిన్ పెట్టి లెక్క వేస్తే (140లోంచి 44 తీసేసి, 62తో గుణించి, 72ను 1.3తో గుణించగా వచ్చిన 93.6తో భాగిస్తే) క్రియాటినిన్ క్లియరెన్స్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం, నిమిషానికి సుమారు 64 మిల్లీలీటర్లు. భయపడాల్సినంత తక్కువ కాదు, నిశ్చింతగా వదిలేసేంత ఎక్కువా కాదు. ఇందులో ఒక మెలిక ఉంది. టీఎల్‌డీలోని డోలుటెగ్రావిర్, క్రియాటినిన్ మూత్రంలోకి పోయే ఒక దారిని అడ్డుకుంటుంది. దాంతో కిడ్నీకి ఏమీ కాకపోయినా క్రియాటినిన్ 0.1 నుంచి 0.2 దాకా పెరిగి కనిపిస్తుంది. ఆ లెక్కన మీ అసలు విలువ 1.1, 1.2 మధ్య ఉండొచ్చు. కానీ డోలుటెగ్రావిర్ ఈ మాయ చేసేది క్రియాటినిన్‌తోనే, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ జోలికి పోదు. అదీ పెరిగింది కాబట్టి కిడ్నీ నిజంగానే కాస్త నెమ్మదించిందేమో అనుమానించాలి. నెమ్మదిస్తే నియోప్టెరిన్ కూడా రక్తంలో నిలిచిపోతుంది. అంటే మీకు రెండు ప్రమాదాలుగా కనిపించిన రెండు ఎర్ర అంకెలూ ఒకే కారణం వల్ల వచ్చి ఉండొచ్చు.

కిడ్నీని ఏది ఇబ్బంది పెడుతోందంటే, టీఎల్‌డీలో టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు ఉంటుంది. చాలామందికి ఏళ్ళ తరబడి ఏమీ కాదు గానీ, కొందరిలో అది కిడ్నీ నాళికలను దెబ్బతీస్తుంది. దానికి డైక్లోఫెనాక్ తోడైతే ఆ ముప్పు బాగా పెరుగుతుంది. నడుం నొప్పి బిళ్ళే కదా అని మీరు ఒక వాక్యంలో దాటేశారు. మీ ఉత్తరం మొత్తంలో ఇవాళే మార్చుకోవాల్సింది అదే. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ ఏవీ వద్దు. నొప్పి ఓర్చుకోలేనప్పుడు పారాసెటమాల్ వాడుకోవచ్చు. వారానికి నాలుగైదు బిళ్ళలు అవసరమయ్యే నడుము మాత్రం డాక్టర్‌కు చూపించాల్సిన నడుమే.

మూడోది చిగుళ్ళు, సిగరెట్లు. హెచ్‌ఎస్-సీఆర్‌పీ 3 దాటితే ఎక్కువ అంటారు. 10 దాటితే అది ఏదో తాజా ఇన్ఫెక్షన్ అని ఆ రిపోర్టు పక్కన పెట్టి, తగ్గాక మళ్ళీ చేస్తారు. మీ 6.8 మధ్యలో ఉంది. రక్తం కారే చిగుళ్ళు, పొగ, పొట్ట చుట్టూ కొవ్వు, మానుతున్న జ్వరం, వీటిలో ఏదైనా దాన్ని అక్కడికి చేర్చగలదు.

నాలుగోది హెచ్‌ఐవీదే, కానీ మీరనుకున్నట్టు కాదు. వైరస్ తొలి వారాల్లోనే పేగు గోడలోని సీడీ4 కణాలను పెద్దఎత్తున చంపేస్తుంది. ఆ గోడ వదులై, పేగులోని బ్యాక్టీరియా ముక్కలు కొద్దికొద్దిగా రక్తంలోకి కారుతూ రక్షణ కణాలను రెచ్చగొడుతుంటాయి. మందులతో రక్తంలో వైరస్ కనిపించకుండా పోయినా ఈ సెగ పూర్తిగా చల్లారదు. మీలా సీడీ4 200 కిందికి పడ్డాక మందులు మొదలుపెట్టినవాళ్ళలో ఇంకొంచెం ఎక్కువ మిగులుతుంది. సీడీ4-సీడీ8 నిష్పత్తి 0.62 దగ్గర ఉండటం దాని గుర్తే. ఒకటి దాటితే మంచిదే, కానీ ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది ఏళ్ళకు గానీ అక్కడికి చేరరు, కొందరు చేరరు కూడా. మీ గ్రీన్ బుక్‌లో (ఏఆర్‌టీ సెంటర్ ఇచ్చిన చికిత్స పుస్తకం) పాత సీడీ8 అంకెలు ఉంటే పోల్చి చూసుకోండి. ఇప్పుడు ఎంత అన్నదానికంటే ఎటు పోతోంది అన్నదే ముఖ్యం.

ఇవి కాక ఒక ప్రశ్న మీరే వేసుకోవాలి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు చెమటలు, వీటిలో ఏదైనా ఇప్పుడుందా? ఉంటే ఈ నియోప్టెరిన్ చర్చంతా ఆపి ముందు టీబీ చూడాలి. ఎక్స్‌రే, తెమడకు సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్ష ప్రభుత్వంలో ఉచితం. లేకపోతే, టీబీ రాకుండా ఇచ్చే ఐసోనియాజిడ్ కోర్సు మీరు పూర్తిచేశారా అని కార్డులో చూసుకోండి.

ఇక ఏం చేయొచ్చు? మొదటి దారి, ఈ ప్యానెల్‌ను మరిచిపోయి జనవరిలో వచ్చే ఏడాది వైరల్ లోడ్ దాకా ఆగడం. మే నెల ఐదు రోజుల సంగతి లేకపోతే ఇదే మేలని చెప్పొచ్చు. మాత్ర ఆపితే వైరస్ సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో పైకి వస్తుంది. ఐదు రోజుల్లో ఏమీ కాకపోయే అవకాశమే ఎక్కువ. డోలుటెగ్రావిర్‌ను తట్టుకునేలా వైరస్ అంత తేలిగ్గా మారదు కూడా. అయినా ఆ తర్వాత మీకు వైరల్ లోడ్ జరగలేదు. అంటే మీ చేతిలో ఉన్న ధైర్యం జనవరిది, దాటిన గండం మేలోది.

అందుకే రెండో దారి, ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్ళి ఈ ఐదు రోజుల సంగతి చెప్పి వైరల్ లోడ్ ముందుగా చేయమని అడగడం. అనుమానం ఉన్నప్పుడు ఏడాది గడువు దాకా ఆగక్కర్లేదు. వాళ్ళు కుదరదంటే బయట చేయించుకోవచ్చు. ఇంకో ప్యానెల్‌కు పెట్టే డబ్బు దీనికి పెడితే సార్థకం. కనిపించలేదని వస్తే మందు పనిచేస్తోంది, మీ మొదటి ప్రశ్న ముగిసింది. 50 నుంచి 1000 మధ్య (మిల్లీలీటరు రక్తంలో వైరస్ కాపీలు) వస్తే మాత్రలు ఎలా వేసుకుంటున్నారో కౌన్సెలర్ కూర్చోబెట్టి అడుగుతారు, కొన్ని నెలలాగి మళ్ళీ చూస్తారు. 1000 దాటినా ఆ రోజే మందు మార్చేయరు. మూడు నెలలు క్రమం తప్పకుండా వేయించి, మళ్ళీ చేసి, అప్పుడూ తగ్గకపోతే మారుస్తారు.

అదే రోజు కిడ్నీ సంగతీ చూడమనండి. క్రియాటినిన్ మళ్ళీ చేయించాలి, డైక్లోఫెనాక్ ఆపి రెండు వారాలైతే ఇంకా మంచిది. మూత్రంలో ప్రొటీన్, గ్లూకోజ్ కూడా చూడాలి. రక్తంలో షుగర్ మామూలుగా ఉండి మూత్రంలో గ్లూకోజ్ కనబడితే, రక్తంలో ఫాస్ఫేట్ తక్కువుంటే, నాళికలు దెబ్బతింటున్నాయని అర్థం. క్లియరెన్స్ 50 కిందికి పోయినా, ఈ గుర్తులు కనిపించినా టెనోఫోవిర్ బదులు అబకావిర్ అనే ఇంకో హెచ్‌ఐవీ మందు ఇచ్చే దారి ఉంది. కానీ దానికి ముందు హెపటైటిస్ బీ పరీక్ష ఫలితం చేతిలో ఉండాలి. టెనోఫోవిర్ ఆ వైరస్‌నూ అణచి ఉంచుతుంది. హెపటైటిస్ బీ ఉన్నవాళ్ళలో దాన్ని తీసేస్తే కాలేయం ఒక్కసారిగా వాచి ప్రాణం మీదికి రావచ్చు. సొంతంగా మందు ఆపకూడదనడానికి ఇదొక్కటి చాలు.

మూడో దారి, ఈ ప్యానెల్‌నే ఇంకోసారి చేయించుకోవడం. మీకు మనసాగకపోతే ఒక్కసారి చేయించుకోండి, కానీ జ్వరం తగ్గి కనీసం రెండు మూడు నెలలు గడిచాక, చిగుళ్ళ చికిత్స అయ్యాక, టీకా ఏదైనా వేయించుకుంటే రెండు వారాలాగి. అదే ల్యాబ్, అదే పద్ధతి, క్రియాటినిన్ కూడా అదే రక్తంతో. నియోప్టెరిన్ వెలుతురుకు చెడిపోతుంది, ట్యూబుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి తీసుకెళ్ళాలి. చెడితే అంకె పెరగదు, తగ్గుతుంది. కాబట్టి రెండోసారి తగ్గిందని సంబరపడేముందు ఆ ట్యూబు బైక్ వెనక ఎండలో తిరిగొచ్చిందా అని అడగండి. కొలమానమూ చూసుకోవాలి. మీ రిపోర్టులో లీటరుకు నానోమోల్స్‌లో ఉంది. వేరే ల్యాబ్ మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఇస్తే అదే 14.2 సుమారు 3.6 అని కనబడుతుంది, ఏమీ మారకుండానే. ఇక మూడు నెలలకోసారి అంటే ఏడాదికి 28 వేలు. అంకె పెరిగినా తగ్గినా డాక్టర్ చేసేది మారనప్పుడు ఆ డబ్బుతో కొనేది నిద్రలేని రాత్రులు మాత్రమే.

ఈ సెగ తగ్గించే దారులున్నాయా అంటే, ఉన్నాయి, కానీ ఏవీ పొట్లంలో రావు. పంటి డాక్టర్ దగ్గర చిగుళ్ళు శుభ్రం చేయించుకోవడం, సిగరెట్లు మానడం, బీపీ, షుగర్ చూసుకోవడం. మీ వయసుకు ఇంకొకటి ఉంది. హెచ్‌ఐవీతో ఉన్న 40 నుంచి 75 ఏళ్ళ వాళ్ళు 7,769 మందిలో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందు పిటావాస్టాటిన్ 4 మిల్లీగ్రాములు రోజూ ఇచ్చి చూసిన రిప్రీవ్ అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు మూడో వంతు తగ్గాయని 2023లో తేలింది. సిగరెట్ తాగే 44 ఏళ్ళ మనిషిగా మీకు స్టాటిన్ అవసరమా అని డాక్టర్‌ను అడగడం న్యాయమైన ప్రశ్నే. నియోప్టెరిన్ కంటే ఎంతో ఉపయోగకరమైన ప్రశ్న కూడా.

రోజుకు రెండు మాత్రలు మాత్రం వద్దు. వైరస్ కనిపించనంత తగ్గాక రెండో మాత్రకు చేసే పని లేదు, టెనోఫోవిర్ మోతాదు రెట్టింపై కిడ్నీకి భారం.

పొడి సంగతి. మాత్ర ఆపితే ఏమవుతుందన్నది ఎవరో ఊహించి చెప్పాల్సిన విషయం కాదు, పరీక్షించి చూసిందే. సీడీ4 బాగున్నప్పుడు మందు ఆపి, పడిపోయినప్పుడు మళ్ళీ మొదలుపెడితే ఎలా ఉంటుందని స్మార్ట్ అనే అధ్యయనంలో 33 దేశాల్లో 5,472 మందితో చూశారు. ఆపినవాళ్ళలో మరణాలు ఎక్కువ కావడంతో 2006 జనవరిలో మధ్యలోనే నిలిపేశారు. ఎయిడ్స్ జబ్బులే కాదు, గుండె, కిడ్నీ, కాలేయం జబ్బులూ పెరిగాయి. మందు ఆపిన నెల రోజుల్లోనే ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు సూచిక, డీ-డైమర్ అనే రక్తం గడ్డకట్టే సూచిక పైకి లేచాయి. ఆ పెద్దమనిషి ఏది దించుతానంటున్నాడో, ఆయన చెప్పిన పని చేస్తే పెరిగేది అదే. మాత్ర ఆపకుండా పొడి కూడా వాడితే? ప్యాకెట్ మీద కాల్షియం, జింక్, ఇనుము అని ఉందని రాశారు. అవి పేగులోనే డోలుటెగ్రావిర్‌ను పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. అలాంటివి వాడక తప్పకపోతే టీఎల్‌డీ వాటికి రెండు గంటల ముందు, లేదా ఆరు గంటల తర్వాత వేసుకోవాలి. భస్మాల్లాంటివి కలిపి ఉంటే పాదరసం, సీసం కిడ్నీకి చేసే చెరుపు వేరే.

మీ ఆవిడ విషయం. రిపోర్టులన్నీ ముందేసి 'చూడు, ఏమీ లేదు' అని వాదించకండి, ఆవిడ అడుగుతున్నది నియోప్టెరిన్ గురించి కాదు. 2011లో వెలువడిన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనంలో 1,763 జంటలున్నాయి, మన చెన్నై, పుణే జంటలు కూడా. ముందుగా మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని తేలింది. తర్వాత పార్ట్‌నర్ అధ్యయనంలో, వైరస్ అణిగి ఉన్న భాగస్వామితో కండోమ్ లేకుండా సుమారు 58 వేల కలయికలు జరిగితే, ఆ భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు. ఈ మాటలు మీ నోటి నుంచి కంటే కౌన్సెలర్ నోటి నుంచి వింటే ఆవిడకు ఎక్కువ నమ్మకం. ఏఆర్‌టీ సెంటర్‌కు ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఆవిడ ఇష్టపడితే అక్కడే తన పరీక్ష కూడా చేయించుకోవచ్చు, బలవంతం మాత్రం వద్దు.

అయితే మేలో మాత్రలు తప్పాయని ఆవిడకు చెప్పారా? ఉత్తరంలో ఆ మాట లేదు. చెబితే ఇంకో నాలుగు రోజులు కోపంగా ఉండొచ్చు. చెప్పకుండా భరోసా ఇచ్చి, రేపు గ్రీన్ బుక్ చూసి తెలుసుకుంటే ఆ భరోసాకు విలువుండదు. చెప్పి, కొత్త వైరల్ లోడ్ వచ్చేదాకా కండోమ్ వాడదామని మీరే అంటే, గది విషయం ఆవిడ నిర్ణయించుకుంటుంది. ఆ తర్వాత కూడా ఆవిడకు కండోమ్‌తోనే నిమ్మళంగా ఉంటే అందులో అవమానమేమీ లేదు.

మీ రిపోర్టు ఎవరి ఫోన్‌కు వచ్చిందో కూడా చూసుకోండి. కూతురి నంబరు ఇచ్చి ఉంటే మార్పించండి. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ-ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా ఈ వివరం ఇంకొకరికి చెప్పకూడదు. ఆ గ్రూపులో మీ రిపోర్టు ఫొటో పెట్టి ఉంటే తీసేయండి. సందేహాలకు నాకో ఉచిత ఫోన్ 1097 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

సెంటర్లో తిట్లు పడతాయన్న భయం గురించి. ఒకరిద్దరు విసుక్కోవచ్చు, క్యూలు అలాంటివి. గ్రీన్ బుక్, ఈ ప్యానెల్ రిపోర్టు, జులై జ్వరం నాటి కాగితాలు ఒకే కవర్లో పెట్టుకుని ఉదయాన్నే వెళ్ళండి. మూడు మాటలు ఒక చీటీ మీద రాసుకోండి: మే నెల ఐదు రోజులు, క్రియాటినిన్ 1.3, నడుం నొప్పి బిళ్ళ. మొదటి రెండూ వాళ్ళే అడగొచ్చు. మూడోది అడగకపోయినా మీరే చెప్పండి.